గార్డు గారి గుర్రానికి పచ్చజెండా

గార్డు బంగార్రాజు సోనేపూర్ పశువుల మేళాకి వెళ్తూ ఇంట్లో చెప్పింది కంబళ్ళు కొనుక్కొస్తానని. తిరిగొచ్చినప్పుడు చిన్న లారీలోంచి దిగింది గుర్రం. కంబళి కూడా వచ్చింది, కాకపోతే అది గుర్రం వీపు మీదుంది. అంచేత మనిషి అబద్ధమాడాడని ఎవరూ అనడానికి వీల్లేదు.

టాటానగర్ సిద్ధగోరాలో వాళ్ళుండే సందు ఎంత వెడల్పంటే, ఆటో ఒకటొస్తే సైకిలువాడు దిగి గోడకి జేరబడాలి. అలాంటి సందులో గుర్రం దిగితే ఇంకేముంది, ఒరియావాళ్ళు, బిహారీలు, మన శ్రీకాకుళంవాళ్ళు అందరూ గుమ్మాల్లోకి వచ్చేశారు. బంగార్రాజు పెళ్ళాం నూకమ్మ కూడా వచ్చింది. బియ్యం చెరుగుతున్న చేట ఇంకా చేతిలోనే ఉంది.

"ఏటిది?" అంది.

"గుర్రం," అన్నాడు బంగార్రాజు.

"గుర్రమని నాకూ అగుపడతంది. ఏటిదంటన్నాను."

దారి పొడుగునా లారీలో కూర్చుని ఆయన జవాబులు వల్లించుకుంటూనే వచ్చాడు. పెళ్ళిళ్ళకి గుర్రం కావాలని జనం ఎగబడుతున్నారనీ, ఇంటెనక ఆవుపాక ఖాళీగా ఉందనీ, ఇది ఆడదనీ, నెమ్మదైందనీ, మూడేళ్ళు నిండాయనీ. నూకమ్మ మొహం చూడగానే అవన్నీ ఎటు పోయాయో పోయాయి. నోటికొచ్చింది ఒక్కటే.

"ఇప్పుడు బూడిద రంగులో ఉంది గానీ, వయసొచ్చేకొద్దీ తెల్లబడిపోద్దంట."

"నీ జుత్తులాగ," అంది నూకమ్మ. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఇక్కడ బంగార్రాజు సంగతి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే ఈ గుర్రం గోలంతా పిచ్చిపనిలా కనిపిస్తుంది. పిచ్చిపనే, కాదనను. కానీ దానికో కారణముంది.

ఆయన టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి దిగిపోయాడు. ఇప్పుడా ఉద్యోగానికి మేనేజరనో ఏదో పెద్ద పేరు పెట్టారు గానీ ఈయన గార్డుగా చేరి గార్డుగానే రిటైరయ్యాడు. బండి ఎంత పొడుగుంటే ఈయన అంత వెనక. చిట్టచివరి పెట్టెలో ఒక్కడే మనిషి, చేతికి రెండు జెండాలు, ఒక విజిలు. బండి కదిలేముందు ఇంజన్లో డ్రైవరు తల బయటపెట్టి వెనక్కి చూడాలి. ఈయన పచ్చజెండా ఊపాలి. అవతల డ్రైవరు తిరిగి ఊపాలి. దాన్ని ఆల్ రైట్ అంటారు. ముందున్నవాడికి వెనకున్నవాడు ఉన్నాడని తెలియాలి, వెనకున్నవాడికి ముందున్నవాడు తనని మర్చిపోలేదని తెలియాలి. అదైతేనే బండి సాగేది.

ఈ ఆల్ రైట్ మీద బంగార్రాజుకి ఎంత మోజంటే, పెళ్ళైన కొత్తలో నూకమ్మకి కూడా నేర్పాడు. డ్యూటీకి పోతూ సందు మలుపులో ఆగి చెయ్యూపేవాడు. ఆవిడ గుమ్మంలోంచి తిరిగి ఊపేది. అప్పుడు మలుపు తిరిగేవాడు. కొన్నాళ్ళు సిగ్గుపడుతూ ఊపింది, కొన్నాళ్ళు నవ్వుతూ ఊపింది. తరవాత పిల్ల పుట్టింది, అత్తగారు మంచానపడింది, ఆయన బయల్దేరే వేళకి ఎప్పుడూ పొయ్యి మీద పాలుండేవి. ఆ చెయ్యూపడం ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

ఇక రిటైరయ్యాక ఆయన పరిస్థితి చూడాలి. జెండా ఊపితే బండెడు ఇనుపరాయి కదిలిన మనిషికి, ఇంట్లో నోరు తెరిచి అడిగినా టీ గ్లాసు కదిలేది కాదు. కూతురు రోహిణి సాక్చిలో కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది, పొద్దున్న పోతే రాత్రికొస్తుంది. నూకమ్మకేమో ఇన్నేళ్ళూ మొగుడు లేకుండా ఇల్లు నడపడం అలవాటైపోయి, ఇప్పుడాయన ఎక్కడ కూర్చున్నా చీపురుకి అడ్డమే. అందుకే గుర్రం. తన చెయ్యి లేస్తే కదిలేదీ, తన చెయ్యి లేస్తే ఆగేదీ ఒకటుండాలి ఈ లోకంలో. పైకి పెళ్ళిళ్ళ వ్యాపారమని చెప్పాడు గానీ లోపల మాటిది.

మర్నాడు పొద్దున్నకే ఆ గుర్రం, నూకమ్మ విజయనగరం నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి పెంచిన కరివేపాకు మొక్కని మొదలంటా నమిలేసింది. తరవాత గోంగూర మడి మీద పడింది. సరిగ్గా అప్పుడే నూకమ్మ తమ్ముడు సూర్యం వచ్చాడు. కూతురు శైలజ పెళ్ళి మాఘమాసానికి ఖాయమైందని చెప్పడానికి.

"మొగపెళ్ళోరు గుర్రమడిగారక్కా," అన్నాడు సూర్యం గుర్రం వంక చూసి మొహం చేటంత చేసుకుని. "పెళ్ళికొడుకు గుర్రమెక్కి రావాలంట. ఇక్కడందరూ అలాగే సేత్తన్నారు గదా. మా బావ కాడే ఉందని ఇప్పుడే ఫోన్ సేసి సెప్పేత్తాను."

నూకమ్మ పీకేసిన మొక్క మోడు చేతిలో పట్టుకుని మొగుడి వంక చూసింది.

"సరే. ఇను. శైలజ పెళ్ళిలో పెళ్ళికొడుకుని తిన్నగా తీసుకొచ్చి మండపం కాడ దింపిందా, ఇది ఈ ఇంట్లో ఉంటాది. ఎవర్ని పడేసినా, ఎటు పరిగెట్టినా, మర్నాడే కాసిడీహ్ మహతో వచ్చి తోలుకుపోతాడు. నేనే కబురెడతాను."

మహతో అంటే పెళ్ళిళ్ళకి బగ్గీలు తిప్పే ఆసామి. గుర్రం దిగిన సంగతి ఎలా తెలిసిందో ఆ సాయంత్రమే వచ్చాడు, దాని పెదవులెత్తి పళ్ళు చూశాడు, కాళ్ళు తడిమాడు. "చాచా, ఎప్పుడంటే అప్పుడు తీసుకుంటా," అన్నాడు హిందీలో. మనిషి చెడ్డవాడేం కాదు. కానీ ఆయన గుర్రాలు సాక్చి గోలచక్కర్ కూడలి దగ్గర లారీల మధ్య కళ్ళకి గంతలతో నిలబడి ఉండడం బంగార్రాజు చాలాసార్లు చూశాడు. ఆ పూట అన్నం సయించలేదు ఆయనకి. లేచెళ్ళి పాకలో గుర్రం పక్కన నిలబడ్డాడు. అది ఆయన చొక్కా గుండీ ఒకటి కొరికి తినేసింది.

దానికి మెయిలని పేరు పెట్టాడు. మెయిలు బండిలా పోవాలని ఆశ. అది నడిచేది మాత్రం పది అడుగులు, ఆగేది పావుగంట, ఎందుకాగిందో దానికీ తెలీదు, దేవుడికీ తెలీదు. దాంతో వారం తిరక్కుండానే సందులో జనం గూడ్సని పిలవడం మొదలెట్టారు. బంగార్రాజుకి ఒళ్ళు మండేది.

శిక్షణ మొదలైంది. ముందు పగ్గం పట్టుకుని నడిపించడం. ఎవరు ఎవర్ని నడిపించారో ఇక్కడ చెప్పుకోవడం మర్యాద కాదు గానీ, భుయ్యాడీహ్ కూరల బజారులో ముల్లంగి అమ్ముకునే ముసలమ్మ ఇప్పటికీ ఆయన్ని చూస్తే గంప దగ్గరికి లాక్కుంటుంది. తరవాత చప్పుళ్ళకి అలవాటు చెయ్యాలి. పెళ్ళంటే బ్యాండు కదా. ఆయన పాకలో కూర్చుని స్టీలు పళ్ళేలు వాయించాడు. గుర్రం చెవులు వెనక్కి పెట్టి కొన్నాళ్ళు వింది, తరవాత అలవాటుపడి ఆ చప్పుడుకే నిలబడి కునికేది. పక్కింటి ఒరియా ఆయనకి మాత్రం అలవాటు కాలేదు. ఆ తరవాత వీపు మీద బియ్యం బస్తా. బస్తాని రెండుసార్లు దింపేసి, మూడోసారి మొయ్యడానికి ఒప్పుకుంది. ఆ పైన బంగార్రాజే ఎక్కాడు. మెయిలు మెడ తిప్పి ఆయన మోకాలి వంక చాలాసేపు చూసింది, పోనీలే అన్నట్టు నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుకి ఆయనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు తెలుసు, ఆయన ఒప్పుకోడు.

ఇక అసలైన సంగతి, ఆపడం, నడపడం. రోహిణి ఫోన్లో గుర్రాల వీడియోలు పెట్టి చూపించింది. కాళ్ళతో నొక్కాలి, కళ్ళెం ఇలా సడలించాలి, నోటితో ఇలా టక్కుమనిపించాలి. బంగార్రాజు అన్నీ చూశాడు, తల పంకించాడు, లోపలికెళ్ళి అటక మీదున్న గార్డు పెట్టె దింపాడు. పచ్చజెండా, ఎర్రజెండా తీసి దులిపాడు.

రోహిణి నెత్తి కొట్టుకుంది. "పాపా, ఘోడీ హై. మాల్‌గాడీ నహీ హై." ఇది గుర్రం నాన్నా, గూడ్సుబండి కాదు అని.

"రెండింటికీ రూలొకటేనే. కదలమంటే కదలాలి, ఆగమంటే ఆగాలి."

ముప్పై ఏళ్ళు రైల్వేలో అరిగిన మనిషికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన ఇది. గుర్రాన్ని సందు చివర రోహిణి పట్టుకునేది. ఈయన తన ఇంటి గేటు ముందు నిలబడి విజిలేసి పచ్చజెండా ఊపేవాడు. మొదటి రోజు కదల్లేదు. రెండో రోజు కదల్లేదు. మూడో రోజు, అమ్మతోడు, కదిలింది. సందు పొడుగునా టకటకా నడుచుకుంటూ తిన్నగా ఆయన మీదికే వచ్చింది. ఆయన గుండె చిక్కబట్టుకుని ఎర్రజెండా అడ్డంగా పట్టాడు. చెయ్యి చాపితే ముక్కు తగిలేంత దూరంలో టక్కున ఆగింది.

చూస్తున్న జనం చప్పట్లు కొట్టారు. బంగార్రాజుకి కొత్తగా ప్రమోషనొచ్చినట్టయింది. ఆనాటినుంచి రోజూ పొద్దున్న అదే తంతు. పచ్చ ఊపితే వచ్చేది, ఎరుపు చూపిస్తే ఆగేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

తప్పేదల్లా సువర్ణరేఖ నది ఒడ్డున మైదానంలో. అక్కడికి తీసుకెళ్ళి పచ్చ ఊపితే గడ్డి మేసేది. ఎరుపు చూపిస్తే గడ్డి మేసేది. విజిలేస్తే ఇటు తిరిగి మేసేది. బంగార్రాజు దానికీ కారణం కనిపెట్టాడు. గాలెక్కువుంది, జెండా సరిగ్గా కనపడదు, దానికి లైను కొత్త. రైల్వేవాళ్ళ దగ్గర ఆలస్యానికి కారణాలకేం తక్కువ?

ఇంకో రెండు సంగతులున్నాయి, ఆయన పట్టించుకోనివి. సందులో నడిచొచ్చేటప్పుడు మెయిలు చూపు జెండా మీద ఉండేది కాదు, ఆయన భుజం మీదుగా వెనక్కి ఉండేది. ఆయన వెనక, గేటు లోపల, వంటింటి గుమ్మంలో నూకమ్మ నిలబడేది, ఒక చెయ్యి కొంగు కింద పెట్టుకుని. మొగుణ్ణి గుర్రం తొక్కేస్తే చూసి ఆనందించడానికి వచ్చిందనుకునేవాడు ఈయన. రెండోది, ఇంట్లో బెల్లం త్వరత్వరగా అయిపోతోంది. రోహిణి అడిగితే నూకమ్మ చీమలంది. ఆ సంవత్సరం సిద్ధగోరాలో చీమలు చాలా ఎక్కువని రోహిణి షాపులో కూడా చెప్పుకుంది.

పెళ్ళి రోజు రానే వచ్చింది. పగటి ముహూర్తం. మొగపెళ్ళివారి విడిది నాలుగు సందులవతల, పెళ్ళి సిద్ధగోరాలోనే ఒక హాల్లో. బంగార్రాజు తెల్లారకుండానే మెయిలుకి ఒళ్ళు తోమాడు, జూలు దువ్వాడు, నుదుటికి పూసలపట్టీ కట్టాడు. పాత యూనిఫారం కోటు ఇస్త్రీ చేయించుకుని తొడుక్కున్నాడు. జెండాలు రెండూ చంకలో పెట్టుకున్నాడు. గుర్రంతో విడిది మలుపు తిరిగి ఆయనే ఆగిపోయాడు.

విడిది గుమ్మానికి ఎర్రగుడ్డ. బ్యాండువాళ్ళందరికీ ఎర్రకోట్లు. ఆడంగులు ఎర్రచీరలు. పెళ్ళికొడుకు తలపాగా ఎరుపు, దారి పొడుగునా ఎర్రటి తోరణాలు. ఈ ఊళ్ళో పెళ్ళంటేనే ఎరుపు కదా, ఆ మాట చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఇన్నాళ్ళూ గుర్రానికి ఎరుపు చూస్తే ఆగమని పట్టుబట్టి నేర్పిన మహానుభావుడికి మాత్రం తట్టలేదు.

ఆయన పరుగునెళ్ళి బ్యాండుమాస్టర్ చెవిలో కోట్లు విప్పించమని అడిగాడు. బ్యాండుమాస్టర్ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి, పొద్దున్నే పుచ్చుకున్నావా అని అడిగాడు. ఈలోగా పెళ్ళికొడుకు మురళి వచ్చేశాడు. ఆదిత్యపూర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే బక్కపల్చటి కుర్రాడు. జన్మలో గుర్రమెక్కలేదు.

"అంకుల్, యే కాటేగీ తో నహీ?" అన్నాడు గుర్రం పళ్ళ వంక చూస్తూ.

"కరవదు బాబూ. ఆగిపోతే మాత్రం నన్ననొద్దు," అన్నాడు బంగార్రాజు.

పెళ్ళికొడుకు తండ్రి సత్యప్రసాద్ మీసం మెలేసుకుంటూ నిలబడ్డాడు. ముసలివాళ్ళు నడవలేరని ఆయన ఒక బగ్గీ కూడా మాట్లాడాడు. దాన్ని తోలుకొచ్చింది ఎవరనుకున్నారు, మహతో. పైన కూర్చుని బంగార్రాజుకి నమస్కారం పెట్టాడు. ఈయన చూడనట్టు పూసలపట్టీ సర్దాడు. ఇవాళ ఈ గుర్రం ఎక్కడాగితే అక్కడ పగ్గం ఆయన చేతికి పోతుంది.

బ్యాండు మోగింది. బంగార్రాజు గుర్రానికి ముందు నిలబడి, ఆ ఎరుపంతా కనపడకుండా పచ్చజెండా విప్పి పట్టుకుని వెనక్కి వెనక్కి నడవడం మొదలెట్టాడు. మెయిలు కదిలింది. ఎర్రతోరణం వచ్చింది, కింద నుంచి దాటిపోయింది. ఎర్రకోట్ల పక్కనే నడిచింది. ఎర్రచీర కట్టుకున్న ఒక పెద్దావిడ ఎదురొచ్చి పూలు చల్లితే ఒక పువ్వు తినేసి మరీ నడిచింది. ఎక్కడా ఆగలేదు.

మొదట బంగార్రాజు ప్రాణం లేచొచ్చింది. రెండు సందులు దాటాక ఏదో తిక్కగా అనిపించింది. ఎరుపు చూసి ఆగకపోతే, మరి రోజూ దేన్ని చూసి ఆగుతోంది ఇది?

పెళ్ళి హాలు సందు మొదట్లో ఆడపెళ్ళివారు ఎదురుకోలుకి నిలబడ్డారు. మనవాళ్ళలో మొగపెళ్ళివారు ఊరేగి వస్తే ఎదురెళ్ళి, పానకం ఇచ్చి, దాహం తీర్చి లోపలికి తీసుకెళ్ళడం ఆనవాయితీ. ఇక్కడికొచ్చి ఎన్ని తరాలైనా ఆ పానకం బిందె మాత్రం మానలేదు. మిరియాలు, ఏలకులు దంచి వేసి, బెల్లం దండిగా కలిపిన ఇత్తడి బిందె. అది పట్టుకుని అందరికంటే ముందు నిలబడాల్సింది పెళ్ళికూతురి మేనత్త. అంటే నూకమ్మ.

మెయిలు చెవులు నిక్కబొడిచింది.

బంగార్రాజుకి అనుమానమొచ్చి ఎర్రజెండా తీశాడు. రెండు చేతులా అడ్డంగా పట్టాడు. విజిలేశాడు. మెయిలు దారిలో స్తంభముంటే తప్పుకున్నట్టు ఆయన్ని తప్పుకుని, పెళ్ళికొడుకుని వీపునేసుకుని, బతుకులో మొదటిసారి నిజంగా మెయిలు బండిలా దూసుకుపోయింది. ఆడవాళ్ళు చెల్లాచెదురయ్యారు. మురళి దాని మెడ కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు. నూకమ్మ కదల్లేదు. గుర్రం నేరుగా ఆవిడ దగ్గరికెళ్ళి, బిందెలో మూతి పెట్టి, పానకం తాగడం మొదలుపెట్టింది. బ్యాండు ఆగిపోయింది. గుటకల చప్పుడు అందరికీ వినిపించింది.

సత్యప్రసాద్ రొప్పుకుంటూ వచ్చాడు. "ఏటండిది? పానకం మాకా, గుర్రానికా?"

"చాల్లేవే, ఆగు," అంది నూకమ్మ గుర్రంతో, మెల్లిగా. బిందె చంకకి మార్చి అరచెయ్యి చాపింది.

మెయిలు టక్కున తలెత్తి నిలబడిపోయింది. మూతి నుంచి పానకం కారుతోంది. సందులో రోజూ చూసిన ఆగడమే అది. చెయ్యి చాపితే ముక్కు తగిలేంత దూరం. బంగార్రాజు తన చేతిలో జెండాల వంకా, ఆవిడ అరచేతి వంకా చూశాడు.

"అక్కా, ఇది నీ మాటింటందేటి?" అన్నాడు సూర్యం.

నూకమ్మ మొగుడి వంక చూసింది. ఆవిడ మొహం దొంగతనం చేస్తూ దొరికిన పిల్ల మొహంలా అయిపోయింది.

"నీ జెండాకే ఆగతందనుకున్నావా ఇన్నాళ్ళూ? ఆ మూడో రోజు గుర్తుందా? అది నీ మీదకొచ్చేత్తంటే నా గుండె జారిపోనాది. తొక్కేత్తాదేమోనని నీ ఎనకాల నిలబడి సెయ్యడ్డం పెట్టాను. ఆగింది. ఆగినాదని నువ్వటు తిరగ్గానే బెల్లంముక్కెట్టాను. మరి రోజూ అంతే."

"రోజూనా?" అన్నాడు బంగార్రాజు.

"రోజూను. పొయ్యి మీద పాలొగ్గేసి మరీ."

జనం నవ్వారు. నవ్వరూ మరి? మాల్‌గాడీ గార్డు గారి గుర్రం గార్డమ్మగారి మాట వింటోందని ఎవరో బిహారీ ఆయన హిందీలో అంటే బ్యాండువాళ్ళు కూడా నవ్వారు. బంగార్రాజుకి చాలా అవమానమైంది. నిజంగానే బాధ పడ్డాడు మనిషి. తన చెయ్యి చూసి కదిలేది ఒకటుందని ఇన్నాళ్ళూ మురిసిపోయాడు. అది తన చెయ్యి కాదు. జెండాలు రెండూ చుట్టి కోటు జేబులో కుక్కేసుకున్నాడు.

మహతో బగ్గీ దిగి వచ్చాడు. "చాచీ, రేపు పొద్దున్నే రమ్మంటారా?" అని హిందీలో అడిగాడు, కొంచెం జాలిగానే.

నూకమ్మ బిందె సూర్యం చేతిలో పెట్టింది. చీర చెంగు నడుముకి దోపుకుంది. మెయిలు పగ్గం అందుకుంది.

"పెళ్ళికొడుకుని తిన్నగా తెచ్చి మండపం కాడ దింపితే ఉంటాదన్నాను," అంది తెలుగులోనే, ఆయనకి అర్థమైతే అయింది లేకపోతే లేదన్నట్టు. "ఇంకా దింపనేదు గదా. అప్పుడే తొందరేటి?"

"మేనత్త గుర్రం తోలడమేటండీ," అని సత్యప్రసాద్ గొణిగాడు. పైన మురళి కళ్ళు తెరిచి, "ఉండనీ నాన్నా, ఆంటీనే పట్టుకోనీ," అన్నాడు హిందీలో, బతిమాలుతూ. దాంతో ఆయన నోరు మూతపడింది.

ఊరేగింపు మళ్ళీ సర్దుకుంది. ముందు నూకమ్మ, ఆవిడ వెనక మెయిలు, దాని మీద పెళ్ళికొడుకు, తరవాత ఆడవాళ్ళు, బ్యాండు, మగవాళ్ళు, బగ్గీ. బంగార్రాజుకి ఎక్కడ నిలబడాలో తెలియలేదు. ముందు ఆయన పనేం లేదు. పక్కకి తప్పుకుంటూ, అందరికీ దారిస్తూ, చివరికి బగ్గీ కూడా దాటిపోయాక చూసుకుంటే అందరికంటే వెనక ఉన్నాడు. చిట్టచివర. ఆయన వెనక ఖాళీ రోడ్డు, ఒక కుక్క.

కానీ బ్యాండు మోగుతున్నా ఊరేగింపు కదల్లేదు.

ఏమైందని జనం మెడలు చాచి చూశారు. ముందర నూకమ్మ పగ్గం పట్టుకుని నిలబడే ఉంది. అడుగు వెయ్యడం లేదు. మెయిలు కూడా నిలబడే ఉంది. సూర్యం, "ముహూర్తం ఏళైపోతంది, నడవక్కా," అంటున్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. ఒళ్ళంతా వెనక్కి తిప్పి, ఆ తలపాగాల మీదుగా, ఎర్రకోట్ల మీదుగా, బగ్గీ మీదుగా ఎవర్నో వెతుకుతోంది. ఆవిడ పొట్టి మనిషి. మునివేళ్ళ మీద లేచింది.

బంగార్రాజు ముందు అర్థం చేసుకోలేదు. ఇంజన్లోంచి తల బయటపెట్టి వెనక్కి చూసే డ్రైవర్లని కొన్ని వేలమందిని చూసి ఉంటాడు. అయినా అర్థమవడానికి టైము పట్టింది. అర్థమయ్యాక గబగబా జేబులో చెయ్యి పెట్టాడు. ముందు ఎరుపొచ్చింది, దాన్ని మళ్ళీ కుక్కేశాడు. పచ్చది తీసి, విదిలించి, చెయ్యి పూర్తిగా పైకెత్తి ఊపాడు.

నూకమ్మ చూసింది. పగ్గం లేని చెయ్యెత్తి, పెళ్ళైన కొత్తలో గుమ్మంలోంచి ఊపినట్టే, అందరి ముందూ తిరిగి ఊపింది. కొంచెం సిగ్గుపడింది కూడా.

తరవాత ముందుకి తిరిగి, "పదవే," అంది. మెయిలు కదిలింది. బంగార్రాజు తన చోటులో, అందరికంటే వెనక, జెండా దించకుండా మండపం దాకా నడిచాడు.